బోరు మోటారు రక్షణ బోర్డు: ఫ్రీఆర్‌టాస్ టాస్కుల ప్రయారిటీ డైరీ

ఫేజు పోయినా, బోర్లో నీళ్లు అయిపోయి మోటారు ఒట్టిగా తిరిగినా, ఓల్టేజీ పడిపోయినా మూడు ఫేజుల బోరు మోటారుని ఆపే బోర్డు ఇది. లోడు అంతే ఉండి ఒక ఫేజు పోతే మిగతా రెండు ఫేజుల్లో కరెంటు దాదాపు 1.73 రెట్లవుతుంది. వైండింగ్ కాలకముందే కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్చు) పడిపోవాలి. సర్క్యూట్ గురించి ఇక్కడ క్లుప్తంగానే ఉంటుంది. డైరీ అంతా లోపల నడిచే ఐదు టాస్కుల మీదే (ఫ్రీఆర్‌టాస్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఒకే ప్రాసెసర్ మీద నడిపే పనులు ఇవి, ఎవరు ముందో చెప్పే అంకె ప్రయారిటీ): ఎవరికి ఏ ప్రయారిటీ ఇచ్చాం, ఎక్కడ బెడిసికొట్టింది, ఎలా కొలిచాం, ఏం మార్చాం, ఎందుకు.

దశ 0: సామాన్లు, మారని లెక్కలు

- ఎస్‌టీఎం32ఎఫ్407 డిస్కవరీ బోర్డు, 168 మెగాహెర్ట్జ్. ర్యామ్ 192 కేబీ. అందులో 128 మామూలుది, 64 సీసీఎం (ప్రాసెసర్ ఒక్కటే చూడగల ర్యామ్). ఈ తేడా దశ 8లో పనికొస్తుంది.
- కరెంటుకి ఎస్‌సీటీ-013-030 క్లాంపులు 3. 30 ఆంపియర్లకు 1 ఓల్టు ఇస్తాయి. 1.65 ఓల్టుల బయాస్ మీద కూర్చోబెడితే 3.3 ఓల్టుల్లో సరిపోతుంది.
- ఓల్టేజీకి జడ్‌ఎంపీటీ101బీ మాడ్యూళ్లు 3.
- 128×64 ఓఎల్‌ఈడీ, ఐ2సీ మీద, 400 కిలోహెర్ట్జ్.
- ఎస్‌డీ కార్డు, ఎఫ్‌ర్యామ్ చిప్పు (కరెంటు పోయినా చెరగని మెమరీ). రెండూ ఒకే ఎస్‌పీఐ బస్సు (చిప్పుల మధ్య డేటా తీగలు) మీద ఉన్నాయి.
- ఎస్సెమ్మెస్‌కి 2జీ మోడెమ్, సీరియల్ వేగం 115200.
- 8 చానెళ్ల లాజిక్ ఎనలైజర్, 50 హెర్ట్జ్ సైన్ ఇచ్చే సిగ్నల్ జనరేటర్.

బెంచి మీద 415 ఓల్టులు వద్దు. షెడ్యూలింగ్ పరీక్షలన్నీ జనరేటర్‌తోనే అయిపోతాయి. మోడెమ్‌కి మాత్రం వేరే సప్లై పెట్టండి. టవర్‌కి పంపేటప్పుడు అది క్షణకాలం 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. బోర్డుతో కలిపి ఇస్తే ఓల్టేజీ కుంగి ప్రాసెసర్ రీసెట్ అవుతుంది, ఆ రీసెట్‌ని టాస్కుల్లో వెతుక్కుంటూ కూర్చోవాల్సి వస్తుంది.

నమూనాల లెక్క: సైకిల్‌కి 64 నమూనాలు, 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 3200. టైమర్ 3కి అందే క్లాకు 84 మెగాహెర్ట్జ్. 84,000,000 ÷ 3200 = 26,250, శేషం లేదు. టైమర్ సున్నా నుంచి లెక్కిస్తుంది కాబట్టి రీలోడ్ రిజిస్టర్‌లో ఒకటి తక్కువ, 26,249. ఆరు చానెళ్లు, రెండు సైకిళ్ల డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటాని చేరవేసే హార్డ్‌వేర్) బఫరు: 64 × 6 × 2 × 2 బైట్లు = 1536 బైట్లు. సగం నిండగానే ఒక ఇంటరప్టు (చేస్తున్న పని ఆపించి ప్రాసెసర్‌ని పిలిచే సంకేతం), పూర్తిగా నిండగానే ఇంకొకటి. అంటే 20 మి.సె.కి ఒకటి.

ఐదు టాస్కులు: రక్షణ (కరెంటు, ఓల్టేజీల ఆర్‌ఎంఎస్ విలువల లెక్క, మోటారుని ఆపే ట్రిప్ నిర్ణయం), మోడెమ్, కీప్యాడ్, డిస్‌ప్లే, స్టోరేజ్.

దశ 1: ముందు కొలిచే ఏర్పాటు

ప్రయారిటీలు మార్చాక బోర్డు బాగున్నట్టు అనిపించడం కొలత కాదు. ఒక్క టాస్కు రాయకముందే ఈ మూడూ పెట్టుకోవాలి.

1. ప్రతి టాస్కుకీ ఒక పిన్ను. టాస్కు ప్రాసెసర్ మీదికి ఎక్కగానే కెర్నెల్ (టాస్కుల్ని మార్చే ఫ్రీఆర్‌టాస్ గుండె) పిలిచే ట్రేస్ మాక్రోలో ఆ పిన్నుని పైకి, దిగేటప్పుడు కిందికి. ఏ పిన్నో టాస్కు ట్యాగులో రాసుకుంటే మాక్రో రెండు లైన్లలో అయిపోతుంది. ఎనలైజర్‌లో ఐదు గీతలు కనబడతాయి, ఎవరు ఎవర్ని తోసేశారో కంటితో చూడొచ్చు.
2. డీడబ్ల్యూటీ సైకిల్ కౌంటరు. ఇది లెక్కపెట్టేది ప్రాసెసర్ క్లాకుని, కరెంటు సైకిళ్లని కాదు. 168 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక గణన సుమారు 6 నానోసెకన్లు. 32 బిట్లు కాబట్టి 25.6 సెకన్లకి మళ్లీ సున్నాకి వస్తుంది. అంతకన్నా పెద్ద వ్యవధులు దీంతో కొలవొద్దు.
3. పోయిన సైకిళ్ల లెక్క. డీఎంఏ ఇంటరప్టు రక్షణ టాస్కుకి నోటిఫికేషన్ (నిద్రలేపే కబురు, వచ్చినప్పుడల్లా ఒకటి పెరిగే అంకె) ఇస్తుంది. టాస్కు దాన్ని తీసుకుంటూ సున్నా చేసినప్పుడు తిరిగొచ్చే విలువ 1 అయితే సరే. 4 వస్తే మూడు సైకిళ్లు చూడకుండా పోయాయని. దీనికి వేరే కౌంటరు అక్కర్లేదు.

ప్రామాణిక పరీక్ష: 10 నిమిషాలు, అంటే 30,000 సైకిళ్లు. నిమిషానికో ఎస్సెమ్మెస్, సెకనుకో ఎస్‌డీ రికార్డు. కింద ప్రతి దశలోనూ ఇదే పరీక్ష.

కొలత మొదట పట్టుకున్నది షెడ్యూలింగ్ లోపం కాదు. రక్షణ టాస్కు ఒక్కో సైకిల్‌కి 1.3 మి.సె. తింటోంది. కార్టెక్స్-ఎం4లో ఉన్న ఎఫ్‌పీయూ (దశాంశ లెక్కల హార్డ్‌వేర్) సింగిల్ ప్రెసిషన్‌కి మాత్రమే. కోడ్‌లో 0.5 పక్కన ఎఫ్ లేకపోయినా, స్క్వేర్‌రూట్‌కి డబుల్ ఫంక్షన్ పిలిచినా లెక్కంతా సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిపోతుంది. కంపైలర్‌లో డబుల్ ప్రమోషన్ హెచ్చరిక తెరిచి, కనబడ్డ ప్రతిదాన్నీ సింగిల్‌కి మార్చాం. 0.42 మి.సె.కి దిగింది.

ఇప్పటిదాకా: రక్షణ సీపీయూ వాడకం 2.1 శాతం. బఫర్లు 1536 బైట్లు.

దశ 2: ముఖ్యమైన టాస్కుకి పెద్ద అంకె ఇస్తే

ఫ్రీఆర్‌టాస్‌లో పెద్ద అంకె పెద్ద ప్రయారిటీ. ఎవరికీ పని లేనప్పుడు నడిచే ఐడిల్ టాస్కుది 0. మొదటి పట్టిక: మోడెమ్ 5, రక్షణ 4, కీప్యాడ్ 3, డిస్‌ప్లే 2, స్టోరేజ్ 1. కబురు రైతుకి చేరడమే ముఖ్యం కాబట్టి మోడెమ్ పైన. ఈ ఆలోచన చాలా ప్రాజెక్టుల్లో కనబడుతుంది, వినడానికి సబబుగానే ఉంటుంది.

మోడెమ్ టాస్కు ఎస్సెమ్మెస్ పంపి, జవాబు వచ్చేదాకా లూపులో బఫరుని చూస్తూ తిరుగుతుంది. జవాబుకి సగటున 4.3 సెకన్లు పట్టింది. ఆ 4.3 సెకన్లూ మిగతా నలుగురికీ ప్రాసెసర్ దొరకలేదు.

ఫలితం: 30,000లో పోయిన సైకిళ్లు 2,163. ఆ సమయంలో ఫేజు పోతే బోర్డుకి తెలియదు.

ఇక్కడ రెండు దిద్దుబాట్లు ఉన్నాయి. ఒక్కోటి విడిగా చేసి చూశాం, ఎందుకంటే రెండూ కలిపి చేస్తే ఏది దేన్ని సరిచేసిందో తెలియదు.

1. ప్రయారిటీ మాత్రమే మార్చి రక్షణ 5, మోడెమ్ 4 చేస్తే: పోయిన సైకిళ్లు 0. కానీ స్టోరేజ్ 600 రికార్డులు రాయాల్సింది 557 రాసింది. ఎస్సెమ్మెస్ వెళ్తున్నంతసేపూ కీప్యాడ్, డిస్‌ప్లే చచ్చినట్టు పడున్నాయి.
2. ప్రయారిటీ ముట్టుకోకుండా, మోడెమ్‌ని లూపు బదులు నోటిఫికేషన్ కోసం నిద్రపోయేలా మారిస్తే: పోయిన సైకిళ్లు 0, రికార్డులు 600. మోడెమ్ ఒక్కో మేల్కొలుపుకి 1.1 మి.సె. మాత్రమే నడుస్తుంది కాబట్టి పైన ఉన్నా రక్షణకి తగిలే దెబ్బ అంతే.

అంటే అసలు రోగం లూపులో ఉంది. అయినా రెండో దిద్దుబాటుతో ఆగలేదు, అంకెలూ మార్చాం. ప్రయారిటీ నిర్ణయించాల్సింది గడువు. రక్షణ గడువు 20 మి.సె. మోడెమ్ గడువు ఇలా వస్తుంది: 115200 వేగంలో ఒక బైటుకి 86.8 మైక్రోసెకన్లు, 512 బైట్ల వలయ బఫరు నిండడానికి 44.4 మి.సె., సగం నిండేలోగా ఖాళీ చేయాలంటే 22. కబురు ఎంత ముఖ్యమైనదైనా రెండు సెకన్లు ఆలస్యంగా చేరితే నష్టం లేదు. ట్రిప్ నిర్ణయానికి ఆ వెసులుబాటు లేదు.

ఖాయం చేసిన పట్టిక: రక్షణ 5, మోడెమ్ 4, కీప్యాడ్ 3 (25 మి.సె.), డిస్‌ప్లే 2 (250), స్టోరేజ్ 1 (1000). మొత్తం లెవెళ్లు 6. ఎస్‌టీ కంపెనీ క్యూబ్ టూలు సీఎంసిస్ (ఆర్మ్ ప్రామాణిక పిలుపులు) రెండో వెర్షన్ కోసం 56 లెవెళ్లు పెడుతుంది. ఒక్కో లెవెల్‌కి 20 బైట్ల జాబితా కాబట్టి నేరుగా ఫ్రీఆర్‌టాస్ పిలుపులు వాడితే 1000 బైట్లు మిగులుతాయి. ఐడిల్‌తో సమానంగా 0లో ఎవర్నీ పెట్టొద్దు.

ఇప్పటిదాకా: పోయిన సైకిళ్లు 0. బఫర్లు 1536 + 512 = 2048 బైట్లు.

దశ 3: ఇంటరప్టుల అంకెలు తలకిందులు

టాస్కుల్లో పెద్ద అంకె పైన ఉంటే, కార్టెక్స్-ఎం ఇంటరప్టుల్లో చిన్న అంకె పైన ఉంటుంది. ఎస్‌టీఎం32ఎఫ్4లో నాలుగు బిట్లు, అంటే 0 నుంచి 15. రీసెట్ తర్వాత ప్రతి ఇంటరప్టూ 0లో ఉంటుంది, అంటే అందరికన్నా పైన. ఏమీ పెట్టకుండా వదిలేసిన ఇంటరప్టు నుంచి కెర్నెల్‌ని పిలిస్తే, కెర్నెల్ తన జాబితాలు సరిచేసుకుంటున్న మధ్యలో అది దూరి వాటిని చెడగొడుతుంది. క్రాష్ ఎప్పుడో, ఎక్కడో, సంబంధం లేని చోట వస్తుంది.

1. ప్రయారిటీ గ్రూపు 4. నాలుగు బిట్లూ ప్రీఎంప్షన్‌కే (కిందిదాన్ని ఆపి పైది దూరడానికి).
2. కెర్నెల్‌ని పిలవగలిగే పై హద్దు 5. రిజిస్టర్‌లో రాయాల్సింది ముడి 5 కాదు, నాలుగు బిట్లు ఎడమకి జరిపిన 80. ముడి 5 రాస్తే హార్డ్‌వేర్‌లో లేని కింది బిట్లలో పడి, చదివితే 0 అవుతుంది. అక్కడ 0 అంటే ఏ ఇంటరప్టునీ ఆపొద్దని, కాబట్టి ఇంటరప్టులు ఆపి నడపాల్సిన క్రిటికల్ సెక్షన్లు పేరుకే మిగులుతాయి.
3. నమూనాల డీఎంఏ 6, మోడెమ్ సీరియల్ 7.
4. ఎమర్జెన్సీ బటన్ 2. ఇది కెర్నెల్‌ని అస్సలు పిలవదు, కాంటాక్టర్‌ని నడిపే రిలే పిన్నుని నేరుగా దించేస్తుంది. 0 నుంచి 4 దాకా ఉన్నవాటిని కెర్నెల్ ఎప్పుడూ ఆపదు కాబట్టి టాస్కులన్నీ బిగుసుకుపోయినా బటన్ పని చేస్తుంది.
5. సిస్‌టిక్ (మి.సె.కి ఒక టిక్ కొట్టే టైమర్) కెర్నెల్‌కే వదిలేసి, చిప్పు తయారీదారు ఇచ్చే హాల్ లైబ్రరీ టైముకి టైమర్ 6.

కాన్ఫిగ్ అసర్ట్ (ఫ్రీఆర్‌టాస్ స్వీయ తనిఖీ) తెరిచే ఉంచండి. పై తప్పుల్ని అది మొదటి ఇంటరప్టులోనే పట్టుకుని, ఏ లైనో చూపిస్తుంది.

దశ 4: మేల్కొలుపు ఆలస్యం

డీఎంఏ ఇంటరప్టుకీ రక్షణ టాస్కు పిన్ను పైకి లేవడానికీ మధ్య వ్యవధి 0.04 నుంచి 0.98 మి.సె. దాకా చెల్లాచెదురుగా వచ్చింది. గరిష్ఠం దాదాపు ఒక టిక్ అయితే కారణం వెంటనే తట్టాలి: ఇంటరప్టు చివర యీల్డ్ (వెంటనే టాస్కు మార్చమనే) పిలుపు లేదు. టాస్కు సిద్ధంగా ఉన్నా షెడ్యూలర్‌కి ఆ సంగతి వచ్చే టిక్‌లో గానీ తెలియదు.

యీల్డ్ పెట్టాక గరిష్ఠం 6 మైక్రోసెకన్లు. 20 మి.సె. గడువుకి 1 మి.సె. పెద్ద విషయం కాకపోయినా, వదిలేస్తే దశ 7లో ప్రతి టాస్కు లెక్కకీ ఆ 1 మి.సె. కలుపుకోవాలి.

దశ 5: స్టాకు

ఈ ప్రాసెసర్ కోసం రాసిన ఫ్రీఆర్‌టాస్ పోర్టులో స్టాకు (టాస్కు తన తాత్కాలిక విలువలు దాచుకునే మెమరీ) పరిమాణం బైట్లలో కాదు, నాలుగు బైట్ల పదాల్లో ఇవ్వాలి. 128 అంటే 512 బైట్లు. ఎఫ్‌పీయూ వాడే టాస్కుకి కాంటెక్స్ట్ స్విచ్‌లో అదనంగా 34 పదాలు, అంటే 136 బైట్లు స్టాకు మీద పడతాయి. రక్షణ టాస్కుకి 128 ఇచ్చినప్పుడు స్టాకు పొంగిపోవడాన్ని ఓవర్‌ఫ్లో చెక్ 2 పట్టుకుంది.

పద్ధతి: ఉదారంగా ఇచ్చి, 10 నిమిషాల పరీక్ష నడిపి, ట్రిప్, ఎస్సెమ్మెస్, కార్డు పీకేయడం లాంటి అరుదైన దారులన్నీ తొక్కించి, అప్పుడు హైవాటర్ మార్కు (స్టాకులో వాడకుండా మిగిలిన కనిష్ఠ భాగం) చదవాలి. మూడో వంతు ఖాళీగా ఉండేలా కుదించాలి.

రక్షణ 256, మోడెమ్ 384, కీప్యాడ్ 128, డిస్‌ప్లే 256, స్టోరేజ్ 768, ఐడిల్ 128. స్టోరేజ్ అంత తినడానికి కారణం ఫైల్‌సిస్టమ్.

ఇప్పటిదాకా: స్టాకులు 1920 పదాలు, 7680 బైట్లు. బఫర్లు ఓఎల్‌ఈడీ 1024, ఎస్‌డీ సెక్టార్ 512 కలిపి 3584. మొత్తం 11,264 బైట్లు.

దశ 6: ఎస్‌పీఐ బస్సు దగ్గర

ట్రిప్ అయినప్పుడు ఆ సైకిల్ కొలతలు 32 బైట్ల రికార్డుగా ఎఫ్‌ర్యామ్‌లో చేరాలి. రిలే ముందు పడాలి, రికార్డు తర్వాత. ఈ వరస ఎప్పుడూ తప్పొద్దు. ఎఫ్‌ర్యామ్, ఎస్‌డీ ఒకే బస్సు మీద ఉన్నాయి గనక బస్సుకి తాళం కావాలి. మొదట పెట్టింది బైనరీ సెమాఫోర్, ఎవరు పట్టుకున్నారో గుర్తుంచుకోని తాళం. పరీక్ష కఠినంగా ఉండాలని, ట్రిప్ కోసం చూడకుండా ప్రతి సైకిల్‌కీ ఒక రికార్డు రాయించాం.

ఫలితం: పోయిన సైకిళ్లు 134. తాళం కోసం రక్షణ టాస్కు ఎదురుచూసిన గరిష్ఠ సమయం 66.4 మి.సె. అత్యధిక ప్రయారిటీ దానిదే. సీపీయూ దాదాపు 80 శాతం ఖాళీ.

ఎనలైజర్‌లో అలాంటి ఒక ఘటన, మిల్లీసెకన్లలో:

- 0.0: స్టోరేజ్ తాళం తీసుకుని ఎస్‌డీ రాత మొదలుపెట్టింది.
- 6.3: డీఎంఏ ఇంటరప్టు. రక్షణ లేచింది, లెక్క చేసింది.
- 6.7: రక్షణ తాళం అడిగి ఆగిపోయింది. స్టోరేజ్ కొనసాగింది.
- 9.1: డిస్‌ప్లే లేచింది. స్టోరేజ్ కన్నా పైన ఉంది కాబట్టి దాన్ని తోసేసి, 1024 బైట్లూ ఐ2సీ మీదికి తోస్తూ కూర్చుంది. మధ్యలో మోడెమ్ ఒకసారి.
- 35.2: డిస్‌ప్లే దిగింది, స్టోరేజ్ మళ్లీ ఎక్కింది. ఇంకో రెండుసార్లు మోడెమ్.
- 68.7: తాళం వదిలింది. రక్షణ 62 మి.సె. ఆగింది. ఈలోగా 26.3, 46.3, 66.3 దగ్గర మూడు ఇంటరప్టులు పేరుకున్నాయి. వాటిలో రెండు సైకిళ్ల నమూనాల మీద కొత్తవి పడిపోయాయి.

బస్సుతో ఏ సంబంధమూ లేని డిస్‌ప్లే, 5లో ఉన్న టాస్కుని 26 మి.సె. ఆపింది. ఇదే ప్రయారిటీ ఇన్వర్షన్. 1997 జూలై 4న అంగారకుడి మీద దిగిన నాసా వ్యోమనౌక పాత్‌ఫైండర్ రీసెట్ అవుతూ వచ్చింది ఈ కారణంగానే. కింది ప్రయారిటీ వాతావరణ టాస్కు తాళం పట్టుకుని ఉండగా మధ్య టాస్కులు దాన్ని తోసేశాయి, పైనున్న బస్సు టాస్కు గడువు తప్పింది. అక్కడ మ్యూటెక్స్ అనే తాళానికి ఇన్‌హెరిటెన్స్ (తాళం పట్టుకున్నవాడికి ఆగినవాడి ప్రయారిటీ ఇవ్వడం) ఆన్ చేసే మార్పుని భూమి నుంచి పంపి సరిచేశారు.

మేం కూడా సెమాఫోర్ తీసేసి మ్యూటెక్స్ పెట్టాం. పైనున్న టాస్కు తాళం కోసం ఆగగానే తాళం పట్టుకున్న స్టోరేజ్ తాత్కాలికంగా 5కి ఎక్కుతుంది, డిస్‌ప్లే దాన్ని తోయలేదు. పోయిన సైకిళ్లు 0.

ఇక్కడ ఆగిపోవడం చాలా సులువు, ఆగకూడదు. పోయిన సైకిళ్లు సున్నా అయినా గరిష్ఠ నిరీక్షణ 39.2 మి.సె., గడువుకి దాదాపు రెట్టింపు. రెండు సైకిళ్ల బఫరు ఆ ఆలస్యాన్ని కప్పిపెడుతోందంతే. మ్యూటెక్స్ మధ్యవాళ్లని ఆపుతుంది గానీ, తాళం పట్టుకున్నవాడు తన పని ముగించేదాకా ఆగక తప్పదు. ఆ పని ఎంతసేపో కార్డు చేతుల్లో ఉంది. ఎస్‌డీ ప్రమాణం ప్రకారం ఎస్‌డీహెచ్‌సీ కార్డు ఒక రాతకి 250 మి.సె. దాకా బిజీగా ఉండొచ్చు. బాగా వాడేసిన పాత కార్డు పెట్టి చూస్తే నిరీక్షణ 187 మి.సె.కి వెళ్లింది, పోయిన సైకిళ్లు 212.

మార్పు:

1. రక్షణ టాస్కు ఏ తాళమూ అడగదు. రికార్డుని క్యూలో వేస్తుంది, వేచి ఉండే సమయం 0.
2. ఎస్‌పీఐ బస్సుకి స్టోరేజ్ ఒక్కటే యజమాని. ఎస్‌డీ, ఎఫ్‌ర్యామ్ రెండూ అదే రాస్తుంది. ఇక తాళమే అక్కర్లేదు, మ్యూటెక్స్ తీసేశాం.
3. క్యూ నిండితే రికార్డు వదిలేసి, వదిలేసిన లెక్క ఒకటి పెంచుతుంది. ఆ లెక్క డిస్‌ప్లే మీద కనబడాలి.

పాత కార్డుతోనే మళ్లీ పరీక్ష: పోయిన సైకిళ్లు 0. క్యూలో వేయడానికి 5 మైక్రోసెకన్లు.

తాళం పేరు లేకుండా తాళంలా పనిచేసేవి కూడా వెతకాలి. ఫ్రీఆర్‌టాస్ మెమరీ పంచే హీప్ 4లో మెమరీ అడిగినప్పుడల్లా షెడ్యూలర్ ఆగుతుంది. ప్రింట్ఎఫ్ కొన్ని లైబ్రరీల్లో లోపల మెమరీ అడుగుతుంది. రక్షణ టాస్కులో రెండూ నిషేధం. టాస్కులు, క్యూలు అన్నీ మొదలయ్యేటప్పుడే తయారు.

దశ 7: కాగితం మీద లెక్క

ఒక్కో టాస్కు గరిష్ఠ నడక ÷ కాలం: రక్షణ 0.42/20, మోడెమ్ 1.1/22, కీప్యాడ్ 0.05/25, డిస్‌ప్లే 25/250, స్టోరేజ్ 40/1000. కలిపితే 0.021 + 0.050 + 0.002 + 0.100 + 0.040 = 0.213. ఇంతలోపు ఉంటే గడువులు తప్పవని లియు, లేలాండ్ అనే పరిశోధకులు 1973లో ఇచ్చిన హద్దు ఐదు టాస్కులకి 0.743. మూడో వంతు కూడా లేదు.

దశ 6లో సైకిళ్లు పోయినప్పుడు కూడా ఈ మొత్తం ఇంతే. ఆ హద్దు టాస్కులు ఒకరి కోసం ఒకరు ఆగవన్న షరతు మీద వచ్చింది కాబట్టి, సీపీయూ శాతం చూసి గడువులకి భరోసా ఇవ్వలేం. ప్రతి టాస్కుకీ స్పందన కాలం విడిగా కట్టాలి:

1. టాస్కు నడకతో మొదలుపెట్టి, కిందివాళ్ల తాళం వల్ల ఆగే గరిష్ఠ సమయం కలపాలి.
2. ఆ వ్యవధిలో పైనున్న ప్రతి టాస్కు ఎన్నిసార్లు లేస్తుందో పైకి గుండ్రం చేసి, దాని నడకతో గుణించి కలపాలి.
3. వచ్చిన మొత్తంతో రెండో మెట్టు మళ్లీ. అంకె మారనప్పుడు ఆపాలి.

రక్షణ: మ్యూటెక్స్‌తో 0.42 + 40 = 40.42, గడువు 20, తప్పింది. క్యూతో 0.42. మోడెమ్ 1.52. కీప్యాడ్ 1.57. డిస్‌ప్లే 28.14. స్టోరేజ్ మంచి కార్డుతో 71.23.

కార్డు పూర్తి 250 మి.సె. తీసుకుంటే స్టోరేజ్‌కి: 250 + రక్షణ 17 సార్లు 7.14 + మోడెమ్ 15 సార్లు 16.5 + కీప్యాడ్ 13 సార్లు 0.65 + డిస్‌ప్లే 2 సార్లు 50 = 324.29 మి.సె. తన 1000లో ఇది సుఖంగా ఇమిడిపోతుంది. కానీ ఆ 324 మి.సె.లో క్యూలోకి సైకిల్‌కొకటి చొప్పున 17 రికార్డులు రావచ్చు, పెట్టిన క్యూ 16. బెంచి మీద కార్డు 187కి మించి పోలేదు గనక ఈ లోపం పరీక్షలో బయటపడలేదు, కాగితం మీదే దొరికింది. క్యూ పొడవు 24 చేశాం.

ఇప్పటిదాకా: స్టాకులు 7680, బఫర్లు 3584, క్యూ 24 × 32 = 768. మొత్తం 12,032 బైట్లు. సీపీయూ 21.3 శాతం.

దశ 8: డిస్‌ప్లేని డీఎంఏకి మార్చడం

1024 బైట్లు, బైటుకి 9 బిట్లు, 400 కిలోహెర్ట్జ్: 23.04 మి.సె. అంతసేపూ ప్రాసెసర్ ఊరికే కాపలా కాస్తోంది. ఐ2సీ పంపకం డీఎంఏకి అప్పగిస్తే డిస్‌ప్లే నడక 25 నుంచి 2 మి.సె.కి దిగుతుంది.

మార్చగానే తెర ఖాళీ, డీఎంఏ ట్రాన్స్‌ఫర్ ఎర్రర్. టాస్కుల హీప్‌ని సీసీఎంలో పెట్టుకున్నాం, డిస్‌ప్లే బఫరు ఆ హీప్‌లోనే ఉంది. ఎఫ్407లో సీసీఎంకి డీఎంఏ దారి లేదు, ప్రాసెసర్ ఒక్కటే దాన్ని చూడగలదు. టాస్కు స్టాకు మీది లోకల్ అర్రేని డీఎంఏకి ఇచ్చినా ఇదే జరుగుతుంది. డీఎంఏ ముట్టే బఫర్లన్నీ మామూలు ర్యామ్‌లో స్థిరంగా ప్రకటించాం, స్టాకులు సీసీఎంలోనే ఉన్నాయి.

ఇదే చోట ఇంకో సవరణ. స్టోరేజ్ పని ముగించి 1000 టిక్కులు మామూలు డిలే పెడుతోంది. డిలే మొదలయ్యేది పని అయిపోయాక కాబట్టి 40 మి.సె. రాతతో అసలు కాలం 1.04 సెకన్లు, గంటకి 3600 బదులు 3461 రికార్డులు. డిలే అన్‌టిల్ వాడితే కాలం నిలకడగా 1 సెకను. ప్రామాణిక పరీక్షలో మొదటినుంచీ 600 వచ్చింది పరీక్ష కోడ్ టైమర్‌తో నడిచింది కాబట్టే. అసలు ఫర్మ్‌వేర్‌లో ఇది విడిగా చూసుకోవాలి.

ఇప్పటిదాకా: సీపీయూ 12.1 శాతం. స్టోరేజ్ స్పందన కాలం 71.23 నుంచి 46.66 మి.సె.

దశ 9: వాచ్‌డాగ్

వాచ్‌డాగ్ అంటే గడువులోగా తన్నకపోతే (మళ్లీ మొదటికి తిప్పకపోతే) బోర్డుని రీసెట్ చేసే టైమర్. దాన్ని పై ప్రయారిటీ టాస్కు నుంచి తన్నితే, కిందివాళ్లంతా ఆకలితో చచ్చినా అది బాగానే ఉన్నట్టు చెబుతుంది. దశ 2 లాంటి లోపం మళ్లీ వస్తే కనబడదు. అందుకని:

1. ప్రతి టాస్కు తన వలయం పూర్తయినప్పుడు ఒక బిట్టు పెడుతుంది.
2. అన్నింటికన్నా కిందున్న స్టోరేజ్ సెకనుకోసారి ఐదు బిట్లూ చూస్తుంది. అన్నీ ఉంటేనే వాచ్‌డాగ్‌ని తన్ని, బిట్లు చెరిపేస్తుంది.
3. మోడెమ్ నిద్రకి 500 మి.సె. టైమౌట్. లేకపోతే ఎస్సెమ్మెస్ లేనప్పుడు బిట్టు పడదు.
4. ఒక్క బిట్టు లోపించినా ఎవరిదో రీసెట్‌కి ముందే ఎఫ్‌ర్యామ్‌లో రాయాలి.

గడువు ఎంత? స్వతంత్ర వాచ్‌డాగ్ నడిచే ఎల్‌ఎస్‌ఐ క్లాకు పేరుకి 32 కిలోహెర్ట్జ్ గానీ, డేటాషీట్ ప్రకారం 17 నుంచి 47 దాకా ఉండొచ్చు. 1 సెకను అని పెట్టింది 0.68కే పేలొచ్చు. 3 సెకన్లకి పెట్టాం. తొందరలో 2.04, నెమ్మదిలో 5.6. డీబగ్గర్ ఆపినప్పుడు వాచ్‌డాగ్ కూడా ఆగే బిట్టు మర్చిపోవద్దు, లేకపోతే ప్రతి బ్రేక్‌పాయింటూ రీసెట్‌తో ముగుస్తుంది.

డిస్‌ప్లేలో కావాలని అంతంలేని లూపు పెట్టి చూశాం. స్టోరేజ్‌కి ప్రాసెసర్ దొరకలేదు, 3.2 సెకన్లకి రీసెట్. ఆ 3.2 సెకన్లలో కూడా ఫేజు తీసేస్తే రిలే పడింది. నాలుగో మెట్టు మాత్రం ఈ పరీక్షలో పనిచేయదు, బిట్లు చూడాల్సిన స్టోరేజే ఆగిపోయింది కాబట్టి. అందుకని రక్షణ టాస్కు ప్రతి 50 సైకిళ్లకీ బిట్ల కాపీ ఒకటి రీసెట్‌కి చెరగని బ్యాకప్ రిజిస్టర్‌లో పెట్టేలా చేశాం. దానికి బస్సు అక్కర్లేదు, ఎవరి కోసమూ ఆగాల్సిన పని లేదు. లేచాక స్టోరేజ్ దాన్ని చదివి ఎఫ్‌ర్యామ్‌లోకి ఎక్కిస్తుంది.

వేరే బోర్డు, వేరే దేశం

- ఎస్‌టీఎం32ఎఫ్411, 100 మెగాహెర్ట్జ్: టైమర్ రీలోడ్ 31,249. టైమర్ 6 లేదు, హాల్ టైముకి టైమర్ 11. సీసీఎం లేదు కాబట్టి దశ 8 బాధ ఉండదు. సీపీయూ నడకలన్నీ మళ్లీ కొలవాలి, 168/100తో గుణించి ఊరుకోవద్దు. ఫ్లాష్ వెయిట్ స్టేట్లు (కోడ్ మెమరీ కోసం ప్రాసెసర్ ఆగే క్లాకులు) మారతాయి.
- అమెరికాలో 60 హెర్ట్జ్: 60 × 64 = 3840. 84,000,000 ÷ 3840 = 21,875, ఇక్కడా శేషం లేదు, రీలోడ్ 21,874. రక్షణ గడువు 16.67 మి.సె. అవుతుంది, ప్రయారిటీ వరస మారదు. కానీ దశ 7లోని 250 మి.సె. కార్డు లెక్క మళ్లీ కట్టాలి: రక్షణ 17 బదులు 20 సార్లు, కీప్యాడ్ 13 బదులు 14 సార్లు, స్టోరేజ్ 325.60 మి.సె., క్యూలోకి 20 రికార్డులు. 24 సరిపోతుంది.